జనరల్ గ్రాంటు జమాఖర్చు

ఎనిమిదేళ్ళ పిల్లవాడొకడు ఒక గుర్రప్పిల్ల మీద మనసు పడ్డాడు. దాని యజమాని రాల్‌స్టన్ 25 డాలర్లు చెప్తున్నాడు. పిల్లవాడి తండ్రి 20 చాలన్నాడు. పిల్లవాడు మారాం చేశాడు. చివరికి తండ్రి, ముందు 20 అడుగు, కాదంటే ఇరవై రెండున్నర అను, అప్పటికీ ఒప్పుకోకపోతే 25 ఇచ్చెయ్యి అని చెప్పి పంపాడు. వీడు పోయి ఆ మూడు ధరలనూ తండ్రి చెప్పిన వరసలోనే ఒక్క గుక్కలో రాల్‌స్టన్‌కు అప్పజెప్పాడు. ఎంతకు కొన్నాడో నేను చెప్పనక్కర లేదు.

మా వైపు సంతల్లో ఎద్దుల బేరం తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చేస్తారు. పక్కన నిలబడినవాడికి కూడా ధర తెలియదు. అలాంటి చోట పుట్టి పెరిగిన నాకు ఈ కథ చదివినప్పుడు నవ్వొచ్చింది. ఆ తర్వాతి వాక్యం చదివాక నవ్వు ఆగింది. ఆ గుర్రానికి నాలుగేళ్ళు వచ్చేసరికి చూపు పోయిందనీ, 20 డాలర్లకు అమ్మేశాననీ రాశాడు. కొన్నది 25, అమ్మింది 20, నష్టం 5. అరవై మూడేళ్ళ వయసులో, గొంతు కేన్సరుతో చావుకు దగ్గర పడిన మనిషి, చిన్నప్పటి అయిదు డాలర్ల నష్టాన్ని కూడా లెక్కలో చూపించాడు. ఆ కథ చుట్టుపక్కల పిల్లలకు తెలిసి తనను చాలాకాలం ఏడిపించారని కూడా తనే చెప్పుకున్నాడు.

ఆ పిల్లవాడు యులిసెస్ ఎస్. గ్రాంటు. 1822లో ఒహాయో రాష్ట్రంలో, తోళ్ళు పదును పెట్టే వ్యాపారి ఇంట పుట్టాడు. అమెరికా అంతర్యుద్ధంలో విక్స్‌బర్గ్ కోట పట్టుకున్నందుకు, చాటనూగా విజయానికి, 1863 డిసెంబరులో అక్కడి కాంగ్రెసు ఆయనకు బంగారు పతకం మంజూరు చేసింది. 1864 మార్చిలో లెఫ్టినెంట్ జనరల్ హోదాతో ఉత్తరాది సైన్యాలన్నిటికీ అధిపతి అయ్యాడు. 1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని రాబర్ట్ లీ ఆయనకే లొంగిపోయాడు. 1869 నుంచి 1877 వరకు రెండుసార్లు దేశాధ్యక్షుడు. ఇన్ని చేసినవాడు రాసిన పుస్తకం ఒక్కటే. 'పర్సనల్ మెమోయిర్స్' పేరుతో రెండు సంపుటాలు. 1885 జూలై 23న చనిపోయాడు. పుస్తకం దానికి కొద్ది రోజుల ముందే పూర్తయింది.

నేను సాహిత్య విద్యార్థిని కాను. బళ్ళారిలో బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. పుస్తకం గురించి మాట్లాడమంటే బ్యాలెన్సు షీటు చదివినట్టే మాట్లాడగలను. కాకపోతే ఈ పుస్తకం అలా చదవదగ్గదని నా నమ్మకం. ఎందుకంటే అది పుట్టిందే ఒక బ్యాంకు దివాలాలో.

అధ్యక్ష పదవి దిగాక గ్రాంటు ప్రపంచయాత్ర చేశాడు. 1879 ఫిబ్రవరిలో బొంబాయిలో దిగి మన దేశమూ చూసి పోయాడు. తర్వాత న్యూయార్కులో స్థిరపడి, కొడుకు భాగస్తుడుగా ఉన్న గ్రాంట్ అండ్ వార్డ్ అనే కంపెనీలో తానూ చేరి, చేతిలో ఉన్న డబ్బంతా అందులో పెట్టాడు. నడిపేవాడు ఫెర్డినాండ్ వార్డ్ అనే కుర్రవాడు. ఒకే సెక్యూరిటీని ఒకచోట తాకట్టు పెట్టి, అదే కాగితం మీద ఇంకోచోట, మరోచోట అప్పు తేవడం అతని పద్ధతి. కొత్తగా వచ్చిన డబ్బుతో పాతవాళ్ళకు లాభం పంచేవాడు. అప్పు ఇచ్చే మెరైన్ నేషనల్ బ్యాంకు అధ్యక్షుడు జేమ్స్ ఫిష్ కూడా ఆ కంపెనీలో భాగస్తుడే. ఇంతకంటే వివరం మా బ్యాంకు వాళ్ళకు అక్కర లేదు. గ్రాంటు లెక్కలు చూడలేదు. వార్డ్ తెచ్చిన కాగితాల మీద సంతకం పెట్టాడు.

1884 మే 4, ఆదివారం. వార్డ్ వచ్చి బ్యాంకు ఇబ్బందిలో ఉంది, లక్షా 50 వేల డాలర్లు ఒక్క రోజుకు సర్దాలి అన్నాడు. గ్రాంటు పోయి కోటీశ్వరుడు విలియం వాండర్‌బిల్ట్‌ను అడిగాడు. నీ కంపెనీని చూసి కాదు, నిన్ను చూసి ఇస్తున్నానని ఆయన చెక్కు రాసిచ్చాడు. మంగళవారానికి బ్యాంకూ లేదు, కంపెనీ లేదు. కంపెనీ అప్పులు సుమారు కోటీ 60 లక్షల డాలర్లు. గ్రాంటు దంపతుల దగ్గర మిగిలిన రొక్కం రెండు వందల చిల్లర.

వాండర్‌బిల్ట్ బాకీ మాఫీ చేస్తానన్నా గ్రాంటు వినలేదు. ఇళ్ళు, భూములు రాసిచ్చాడు. యుద్ధంలో వచ్చిన కత్తులు, దేశదేశాల్లో ఇచ్చిన కానుకలు, కాంగ్రెసు ఇచ్చిన ఆ బంగారు పతకం అన్నీ జాబితా వేసి బాకీ కింద అప్పజెప్పారు. వాండర్‌బిల్ట్ మర్యాదస్తుడు కాబట్టి అవి చివరికి దేశానికే చేరాయి. కానీ ఒక సేనాపతి పతకం అప్పుల జాబితాలోకి ఎక్కడం చరిత్రలో చాలాసార్లు జరిగి ఉండదు. 2022 డిసెంబరులో అమెరికా కాంగ్రెసు ఆయనకు మరణానంతరం వాషింగ్టన్‌తో సమానమైన సైనిక హోదా ఇవ్వడానికి అధ్యక్షుడికి అధికారం ఇచ్చింది. పతకాలు ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఇచ్చిన పతకాన్ని వదులుకున్న సంగతి నాకు ఎక్కువ ముఖ్యం.

ఆ తర్వాత డబ్బు కోసమే ఒక పత్రికకు యుద్ధవ్యాసాలు రాయడానికి ఒప్పుకున్నాడు. అవి పెరిగి పుస్తకమైంది. అదే ఏడాది అక్టోబరులో గొంతు కేన్సరు అని తేలింది. తాను పోయేలోగా పుస్తకం పూర్తయితే భార్య జూలియాకు అన్నం ఉంటుంది. లేకపోతే లేదు. ఏడాదిలోపల రెండు సంపుటాలు రాయడానికి అదీ కారణం.

నా చేతికి ఈ పుస్తకం ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. అది నాకు కొంచెం కష్టమైన సంగతి.

పన్నెండేళ్ళ క్రితం నేను ఒక బ్రాంచిలో మేనేజరుగా ఉండగా ఒక జిన్నింగు మిల్లుకు పత్తి బేళ్ళ మీద అప్పు ఇచ్చాం. నెలనెలా గోడౌను తనిఖీ చేసి రిజిస్టరులో రాయాలి. మా ఫీల్డు ఆఫీసరు రాశాడు, నేను కింద సంతకం పెట్టాను. తర్వాత చూస్తే ముందు రెండు వరసలే పత్తి, వెనక గోనెసంచుల్లో చెత్త. అదే గోడౌను మీద ఇంకొకరికీ తాకట్టు ఉంది. విచారణ వచ్చింది. సంజాయిషీ రాయమన్నారు. పద్నాలుగు పేజీలు రాశాను, ఇంగ్లీషులో. తనిఖీ జరపబడినది, స్టాకు సరిగా ఉన్నట్టు భావించబడినది అనే ధోరణిలో. కర్తలేని వాక్యాలు రాయడానికి ఆఫీసు ఇంగ్లీషును మించిన భాష లేదు.

పంపే ముందు, రిటైరైన మా పెద్దాయన ఒకరికి చూపించాను. ఆయన రెండు పేజీలు చూసి పక్కన పెట్టాడు. "ఏమప్పా, సంతకం పెట్టింది ఎవరు? నువ్వేనా, గాలిదేవుడా? నువ్వే అయితే నేను పెట్టినాను అని రాయి. చాలు" అన్నాడు. లోపలికి పోయి, బెంగుళూరు అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల కొట్లో కొన్న గ్రాంటు పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాడు. "సంజాయిషీ ఎట్ల రాయాలనో ఈయన దగ్గర నేర్చుకో" అన్నాడు.

చదివాను. ఆయన చెప్పింది నిజం. ఈ పుస్తకంలో పనులు ఎవరు చేశారో ఎక్కడా దాక్కోవు. నేను ఆజ్ఞ ఇచ్చాను, ఫలానావాడు పోయాడు, నది దాటాం, వాన వచ్చింది, బండ్లు దిగబడ్డాయి. ఇలాగే నడుస్తుంది. చివరి రోజుల్లో మాట పడిపోయి చీటీల మీద రాసి చూపించేవాడు. అలాంటి ఒక చీటీలో తాను సర్వనామం కంటే క్రియనేమో అనిపిస్తోందని డాక్టరుకు రాశాడు. ఉండడం, చేయడం, బాధపడడం మూడూ క్రియలే, ఆ మూడూ తానేనన్నాడు. ఆయన శైలి మీద ఎవరు రాసిన విమర్శా నాకు ఆ చీటీని మించి కనపడలేదు.

మా బళ్ళారి వాళ్ళకు సేనాపతి అంటే నాటకం మనిషి. కోలాచలం శ్రీనివాసరావుగారి చారిత్రక నాటకాలు, బళ్ళారి రాఘవగారి నటన గురించి మా పెద్దలు చెప్పుకున్న కథలు విని పెరిగాం. సేనాపతి అన్నవాడు కత్తి దూసి గంభీరమైన సంభాషణ చెప్పాలి. గ్రాంటు చెప్పడు. 1861లో, మిస్సౌరీలో, కర్నల్ హారిస్ అనేవాడి దండు మీదికి మొదటిసారి సొంత పెత్తనంలో రెజిమెంటును నడిపించాడు. గుట్ట ఎక్కుతున్నకొద్దీ గుండె పైపైకి వచ్చి గొంతులో పడినట్టయిందని రాశాడు. ఎలాగైనా ఇంటికి పోతే బాగుండుననుకున్నాడు. కానీ ఆగి ఆలోచిద్దామనడానికి కూడా ధైర్యం చాలక అలాగే ముందుకు పోయాడట. గుట్టపైకి ఎక్కి చూస్తే అక్కడ ఎవరూ లేరు. హారిస్ ముందే పారిపోయాడు. నేను వాడికి ఎంత భయపడ్డానో వాడూ నాకు అంతే భయపడ్డాడన్న సంగతి అప్పుడే తెలిసింది, యుద్ధం ముగిసేదాకా మరిచిపోలేదు అంటాడు. ధైర్యం గురించి ఇంత ఉపయోగపడే మాట నేను ఏ వీరగాథలోనూ వినలేదు. ముందుకు పోవడమే ధైర్యం లేక జరిగిందని చెప్పడంలో ఉంది దాని విలువ.

ఖర్చు వైపు పద్దులు కూడా స్వయంగా రాశాడు. 1846లో మెక్సికో మీద అమెరికా చేసిన యుద్ధంలో తానే పనిచేసి, బలమైన దేశం బలహీనమైన దేశం మీద చేసిన మహా అన్యాయాల్లో అది ఒకటని తీర్పు చెప్పాడు. 1864 జూన్ 3న వర్జీనియాలో కోల్డ్ హార్బర్ దగ్గర లీ కందకాల మీదికి సైన్యాన్ని పంపితే, కొద్దిసేపట్లోనే వేలమంది పడిపోయారు. ఆ చివరి దాడి చేయించినందుకు ఎప్పుడూ పశ్చాత్తాపపడుతున్నాననీ, పోయిన ప్రాణాలకు సరితూగే లాభం ఏమీ రాలేదనీ రాశాడు. సైన్యాధిపతులు రాసిన ఆత్మకథల్లో ఓటమికి కారణం వానో, కింది అధికారో, పైవాళ్ళ రాజకీయమో అవుతుంది. ఇక్కడ కారణం 'నేను'.

అపొమాటక్స్ ఘట్టం ఈ పుస్తకానికి శిఖరం. లీ కొత్త యూనిఫారం, విలువైన కత్తి ధరించి వచ్చాడు. గ్రాంటు మామూలు సిపాయి చొక్కా, దాని భుజాల మీద హోదా పట్టీలు, అంతే. ముందురోజు రాత్రంతా తలనొప్పితో బాధపడి, లీ ఉత్తరం అందగానే తలనొప్పి పోయిందని కూడా రాశాడు. లొంగుబాటు షరతులు తానే అక్కడికక్కడ రాశాడు. దక్షిణాది సైనికులు చాలామంది చిన్న రైతులు, వాళ్ళ గుర్రాలు, కంచర గాడిదలు వాళ్ళే తీసుకుపోతే ఈ కారుకు దున్నుకుంటారని అనుమతి ఇచ్చాడు. ఆకలితో ఉన్న శత్రువులకు 25 వేల మందికి సరిపడా తిండి పంపాడు. గెలిచిన ఆనందం కాక తనకు విచారమే కలిగిందన్నాడు. అంతటితో ఆగితే అది మర్యాద మాత్రమే అయ్యేది. అంత పరాక్రమంతో పోరాడినవాళ్ళ మీద గౌరవం ఉంది, కానీ వాళ్ళు పోరాడిన ఆశయం మాత్రం మనుషులు పోరాడిన ఆశయాలన్నిటిలోనూ అతి నీచమైన వాటిలో ఒకటి అని కూడా అదే చోట రాశాడు. చివరి ప్రకరణంలో యుద్ధానికి కారణం బానిసత్వమేనని సందేహం లేకుండా తేల్చాడు. ఓడినవాణ్ణి అవమానించకుండా, ఓడినవాడి తప్పును ఒప్పని అనకుండా మాట్లాడడం కష్టం. మన రాజకీయాల్లోనూ, ఇళ్ళలోనూ ఈ రెండిట్లో ఏదో ఒకటే చేస్తుంటాం.

ఈ పుస్తకం భాష మీద 1887లో పెద్ద తగాదా నడిచింది. మన పత్రిక పాఠకులకు అది ఆసక్తిగా ఉంటుంది. ఒకప్పుడు ఆక్స్‌ఫర్డులో కవిత్వాచార్యుడుగా పనిచేసిన మాథ్యూ ఆర్నాల్డ్ ఈ పుస్తకాన్ని చదివి, మనిషిని, విషయాన్ని మెచ్చుకుని, భాషలో మాత్రం సొగసు లేదు, పెంపకం లేదు అన్నాడు. కొన్ని సహాయక క్రియల వాడుక తప్పని ఎత్తి చూపాడు. పుస్తకాన్ని ప్రచురించిన మార్క్ ట్వేన్ మాజీ సైనికుల సభలో లేచి ఆర్నాల్డ్‌కు ఘాటుగా జవాబిచ్చాడు. 1953లో మా ఊరు మైసూరు రాష్ట్రంలోకి పోయిన నాటి నుంచి మేం ఇలాంటి ఆర్నాల్డ్‌లను చాలామందిని చూశాం. పెళ్ళిళ్ళకు కోస్తా నుంచి వచ్చిన చుట్టాలు మా "చేసినాను", "పోతాండాను" విని ముసిముసిగా నవ్వుతారు. ఆర్నాల్డ్ చూపిన వ్యాకరణ దోషాలు నిజంగా దోషాలే కావచ్చు. కానీ గ్రాంటు రాసిన ఆజ్ఞ చదివి ఏ కింది అధికారీ దాని అర్థం ఏమిటని అడగాల్సిన అవసరం రాలేదని ఆయనతో పనిచేసినవాళ్ళు చెప్పారు. ప్రాణాలు ఆధారపడిన చోట భాషకు మొదటి గుణం అది. సొగసు తర్వాత.

ఇంతవరకు జమ. ఇక పుస్తకంలో లేని పేజీల సంగతి.

మా బళ్ళారికీ ఆ యుద్ధానికీ పత్తి పేరుతో ఒక సంబంధం ఉంది. ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవులను దిగ్బంధం చేస్తే లాంకషైర్ మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయింది. ధార్వాడ, బళ్ళారి వైపు నల్లరేగడి పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. బొంబాయిలో డబ్బు వరదలై పారింది. 1865లో యుద్ధం ముగిసేసరికి ధర కూలింది, కంపెనీలు కూలాయి. పాత బ్యాంక్ ఆఫ్ బాంబే 1868లో మూతపడింది. మాకు ట్రెయినింగులో చెప్పే మొదటి పాఠాల్లో అదొకటి.

ఆ పత్తి వాసన గ్రాంటు శిబిరానికీ తగిలింది. 1862లో ఆయన సైన్యం మిసిసిపీలోకి దిగినప్పుడు వెనకాలే పత్తి దళారులు వచ్చారు. లంచాలు, దొంగ రవాణా. అన్ని జాతుల వాళ్ళూ ఉన్నారు అందులో. విసిగిపోయిన గ్రాంటు డిసెంబరు 17న ఒక ఉత్తర్వు వేశాడు. తన అధికారం కింద ఉన్న ప్రాంతం నుంచి యూదులందరూ 24 గంటల్లో వెళ్ళిపోవాలి. దళారులు కాదు, యూదులు. కెంటకీలోని పడూకా పట్నంలో, ఏ పాపమూ ఎరుగని కుటుంబాలు సామాన్లు కట్టుకుని బయలుదేరాయి. లింకన్ జనవరి మొదట్లో ఆ ఉత్తర్వును రద్దు చేయించాడు.

పుస్తకంలో దీని గురించి ఒక్క వాక్యం లేదు. రోగి, టైము చాల్లేదు అంటారా? ఆ ఉత్తర్వుకు సరిగ్గా మూడు రోజుల తర్వాత హాలీ స్ప్రింగ్స్‌లో తన సరుకుల గిడ్డంగి మీద శత్రువులు దాడి చేసిన సంగతి మాత్రం వివరంగా రాశాడు. డిసెంబరు 20 గుర్తుండి 17 గుర్తు లేకపోవడం కుదరదు. పైగా 1868 ఎన్నికలనాడే ఒక ఉత్తరంలో ఆ తప్పు ఒప్పుకున్నాడు. అధ్యక్షుడయ్యాక యూదులను పదవుల్లో నియమించాడు. అంటే పశ్చాత్తాపం లేక కాదు. ఉత్తరంలో రాయగలిగింది పుస్తకంలో రాయలేకపోయాడు.

ఇంకో పేజీ. సైన్యం వదిలి సెయింట్ లూయిస్ దగ్గర సేద్యం చేస్తూ, కట్టెలు అమ్ముకుంటూ, 1857 క్రిస్మస్ ముందు బంగారు గడియారం 22 డాలర్లకు కుదువ పెట్టుకున్న పేద రోజుల్లో, ఆయన చేతికింద విలియం జోన్స్ అనే బానిస ఉండేవాడు. భార్య తరఫు నుంచి వచ్చినవాడు. అమ్ముకుంటే మంచి డబ్బు వచ్చేది. 1859లో గ్రాంటు కోర్టుకు పోయి అతనికి స్వేచ్ఛ ఇస్తూ కాగితం రాసిచ్చాడు. ఇది రాసుకుంటే గొప్పే కదా అనిపిస్తుంది. కానీ విడిపించాను అని రాయాలంటే ముందు కట్టి ఉంచుకున్నాను అని రాయాలి. ఆ జమ కావాలంటే ఈ ఖర్చు చూపాలి. రెండూ చూపలేదు. యుద్ధానికి కారణం బానిసత్వమే అని అంత గట్టిగా చెప్పిన పుస్తకంలో ఈ ఖాళీ చిన్నది కాదు.

కోల్డ్ హార్బర్ పశ్చాత్తాపం మెచ్చుకున్నాను. దాని పక్కనే గాయపడినవాళ్ళ సంగతి ఉంది. రెండు కందకాల మధ్య పడిపోయినవాళ్ళను తెచ్చుకోవడానికి ఇద్దరు సేనానులూ ఉత్తరాలు రాసుకుంటూ నాలుగు రోజులు గడిపారు. తెల్లజెండా పట్టుకుని బాహాటంగా అడిగితే ఓడినట్టవుతుందని గ్రాంటు వెనకాడాడని చరిత్రకారులు అంటారు. జూన్ 7న వెళ్ళేసరికి ఇద్దరు తప్ప అందరూ చనిపోయారని గ్రాంటే రాశాడు. కానీ ఆ ఆలస్యంలో తన వంతు ఎంతో చెప్పలేదు. ఉత్తరాలు అచ్చువేసి, తప్పంతా లీ మీద పడేలా వదిలేశాడు. ఇది నాకు బాగా తెలిసిన పద్ధతి. ఫైలులో కాగితాలన్నీ పెట్టి, మాట్లాడవలసినవాడు మాట్లాడకపోవడం.

తాగుడు మాట లేదు. అధ్యక్షుడుగా చేసిన ఎనిమిదేళ్ళ కథ లేదు. నల్లవారి ఓటు హక్కు కోసం, కు క్లక్స్ క్లాన్‌ను అణచడం కోసం చేసిన మంచీ లేదు, చుట్టూ చేరినవాళ్ళ అవినీతీ లేదు. యుద్ధంతో ఆపుతానన్నాడు కాబట్టి వాటిని తప్పు పట్టను. గ్రాంట్ అండ్ వార్డ్ దివాలా గురించి ముందుమాటలో ఒక భాగస్తుడి మోసం అని మాత్రం ఉంది, పేరు కూడా లేకుండా. చూడకుండా సంతకం పెట్టిన సంగతి లేదు.

నేను పెద్దాయన చెప్పినట్టే పద్నాలుగు పేజీలు చింపి ఒక పేజీ రాశాను. తనిఖీకి నేను పోలేదు, పోకుండా సంతకం పెట్టాను అని. విచారణాధికారి మెచ్చుకున్నాడు కూడా. నాకు హెచ్చరికతో సరిపెట్టారు. ఫీల్డు ఆఫీసరుకు రెండు ఇంక్రిమెంట్లు పోయాయి. చాలా ఏళ్ళు ఆ ఒక పేజీ చూసుకుని నేను గ్రాంటు శిష్యుణ్ణి అని లోలోపల మురిసిపోయాను. కిందటేడు రెండోసారి పుస్తకం చదువుతూ, డిసెంబరు 17 లేకుండా 20 వచ్చిన చోట ఆగాను. నా పేజీలోనూ ఒక తేదీ లేదు. తనిఖీ రోజు పొద్దున నేనే అతనికి ఫోను చేశాను. మిల్లు ఆయన మనకు కావలసినవాడు, ఎక్కువసేపు ఉండొద్దు, ముగించుకుని రా అన్నాను. అతను ఆ మాట విచారణలో చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. రాసినదంతా నిజమే. నిజమైన వాక్యాల మధ్య కూడా అబద్ధం ఇమిడిపోతుందని ఆ రోజు అర్థమైంది.

కాబట్టి ఈ పుస్తకాన్ని నిజాయితీకి పరాకాష్ఠ అని పొగిడే విమర్శకులతో నేను పూర్తిగా ఏకీభవించలేను. అలాగని ఖాళీలు చూపి కొట్టేసేవాళ్ళతోనూ కలవను. ఆడిటరు పని రెండూ చెప్పడం. రాసిన పద్దులు సరిగా ఉన్నాయి, కొన్నిచోట్ల ఎవరూ రాయనంత ధైర్యంగా ఉన్నాయి. రాయని పద్దులు ఉన్నాయి, అవి కూడా సొంత మనుషుల కన్నా పరాయివాళ్ళకే ఎక్కువ నష్టం చేసినవి. పడూకా కుటుంబాలు, విలియం జోన్స్, కందకాల మధ్య పడి ఉన్న సిపాయిలు. పెద్దవాళ్ళ లెక్కల్లో కనపడకుండా పోయేది ఎప్పుడూ చిన్నవాళ్ళ పేర్లే.

ముగింపుగా బాకీ సంగతి. మార్క్ ట్వేన్ కంపెనీ నికరలాభంలో 70 శాతం ఇస్తానంది. అమ్మకాల మీద శాతమా, లాభంలో వాటానా అంటే గ్రాంటు రెండోదే కోరాడు. ప్రచురించినవాడికి నష్టం వస్తే తనకూ పైసా రాకూడదని. బ్యాంకు దివాలా తర్వాత కూడా అలా ఆలోచించగలిగాడు. మాజీ సైనికులు ఊరూరా తిరిగి చందాలు కట్టించారు. 1886 ఫిబ్రవరిలో జూలియా చేతికి రెండు లక్షల డాలర్ల చెక్కు వచ్చింది. మొత్తం నాలుగు లక్షలు దాటింది. ఆ ప్రచురణ కంపెనీ 1894లో తానే దివాలా తీసింది, అది వేరే కథ.

మొత్తం చదవడానికి ఓపిక లేనివాళ్ళు మొదటి రెండు ప్రకరణాలు, హారిస్ కథ, కోల్డ్ హార్బర్, అపొమాటక్స్, చివరి ప్రకరణం చదవండి. చదివేటప్పుడు పక్కన ఒక కాగితం పెట్టుకుని, ఏ తేదీ నుంచి ఏ తేదీకి దూకాడో రాసుకోండి. నా ఫీల్డు ఆఫీసరు ఇప్పుడు రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఈ వ్యాసం అచ్చయితే ఒక ప్రతి ఆయనకు పంపుతాను. ఆయన తెలుగు చదువుతాడు.